మోటారు కొనే ముందు మూలమట్టం కొనండి

పోయిన నెల మా వరండాలో కట్టుకున్న సీఎన్‌సీ మిషను గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, ఉత్తరాల కట్ట లావెక్కింది. మామూలుగా నాకు మిక్సీ బుష్షు అరిగిందనో, కుట్టుమిషను దారం తెంపుతోందనో రాస్తుంటారు. ఈసారి పదకొండు ఉత్తరాల్లో తొమ్మిది ఇదే గొడవ. కొత్తగా చదివేవాళ్లకి ఒక్క మాట. సీఎన్‌సీ అంటే, కంప్యూటరు ఇచ్చిన లెక్క ప్రకారం మోటార్లు ఒక కోత పనిముట్టుని కుడీ ఎడమా, ముందూ వెనకా, పైకీ కిందికీ నడిపించే మిషను. ఫ్యాక్టరీల్లో లక్షలు పోసి కొనేది. అదే సూత్రం మీద చిన్నది ఇంట్లో కట్టుకోవచ్చు. మన కాలవగట్ల ఊళ్లలో ఇంతమంది కట్టేస్తున్నారని నాకూ ఇప్పుడే తెలిసింది. పేర్లు వేయొద్దని కొందరు కోరారు. అందుకని అందరి పేర్లూ తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న (మండపేట): మాస్టారూ, నమస్కారం. నేను డిప్లొమా మెకానికల్ ఫైనలియర్. మా నాన్నగారు తలుపులు చేసే వడ్రంగి. తలుపు పలకల మీద పువ్వులూ హంసలూ చెక్కడానికి ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు మిషను కడదామనుకుంటున్నాను. బడ్జెట్ అరవై వేలు. ఆన్‌లైన్‌లో పెద్ద మోటార్లు చూసి పెట్టాను. ఏ మోటారు మంచిదో చెప్పండి.

జవాబు: బాబూ, నీ ఉత్తరంలో మోటార్ల గురించి రెండు పేజీలు, వాటిని నడిపే డ్రైవరు బోర్డుల గురించి ఒక పేజీ ఉంది. ఇనుము గురించి ఒకే ఒక్క లైను ఉంది: "ఫ్రేము వెల్డింగ్ షాపులో చేయించేస్తాను" అని. నా బెంగంతా ఆ లైను మీదే.

మీ పొలాల వైపు బోదె దాటడానికి తాటిపట్టె వేసి ఉంటుంది కదా. ఆరడుగుల బోదె మీద పట్టె నువ్వు గబగబా నడిచినా ఉలకదు. అదే మందం పట్టెని పన్నెండడుగుల కాలవ మీద వేసి చూడు, మధ్యకొచ్చేసరికి గుండె జారుతుంది. పొడవు రెట్టింపైంది గనక వంపూ రెట్టింపే అనుకుంటాం. కాదు, ఎనిమిది రెట్లు. దూలం వంపు పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఇది నువ్వు రెండో సంవత్సరంలో చదివే ఉంటావు, పరీక్ష రాసి అక్కడే వదిలేసి ఉంటావు. సీఎన్‌సీలో బిట్టుని (కోత పనిముట్టుని) తిప్పే స్పిండిల్‌ని మోస్తూ తిరిగే అడ్డదూలాన్ని గాంట్రీ అంటారు. అది అచ్చం ఆ తాటిపట్టే. రెండడుగుల గాంట్రీకి సరిపోయిన పైపుని నాలుగడుగులకి వేశావంటే ఎనిమిది రెట్లు ఎక్కువ వంగుతుంది. పైన ఎంత పెద్ద మోటారు పెట్టినా ఆ వంపు పోదు. మోటారు లాగుతుంది, దూలం ఊగుతుంది, నీ హంస మెడ మీద మెట్లు మెట్లుగా గీతలు పడతాయి.

అందుకని ముందు మీ నాన్నగారిని ఒకటి అడుగు: తలుపు ఏడడుగులు సరే, చెక్కడం పడేది ఎంత మేర? నేను చూసిన తలుపుల్లో పలక అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు దాటడం అరుదు. పలకని విడిగా చెక్కి తర్వాత చట్రంలో బిగిస్తారు. అలాంటప్పుడు నీకు నాలుగు బై ఎనిమిది దేనికి? రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు చాలు. అరవై వేలలో గట్టిగా కట్టగలిగేది అదే. పెద్దది కడితే పెద్ద ఊగిసలాట కట్టినట్టే.

ఇనుము సంగతి. గాంట్రీకి కనీసం 3 మి.మీ. మందం ఉన్న బాక్స్ పైపు తీసుకో. ఎత్తు ఎక్కువున్న వైపు నిలబెట్టు, పడుకోబెట్టకు. ఇక వెల్డింగు. ఎంత మంచి వెల్డర్ అయినా సరే, కాలిన చోట ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుని తన వైపు లాగుతుంది. తిన్నగా పెట్టిన పైపు పొద్దున్నకి అరటిపండులా ఉంటుంది. వీలైన చోటల్లా బోల్టులు వెయ్యి. బోల్టు విప్పి కింద పలచటి రేకు దూర్చి సరిచేసుకోవచ్చు. వెల్డింగుని సరిచేయాలంటే గ్రైండరే. పలచటి రేకు ఎక్కడ దొరుకుతుందని అడగబోతావు: గడ్డం గీసుకునే రెండంచుల బ్లేడు మందం 0.1 మి.మీ. కూల్‌డ్రింక్ డబ్బా రేకూ దాదాపు అంతే. నా మిషను కింద ఇప్పటికీ ఏడు బ్లేడు ముక్కలున్నాయి.

చట్రం మూలలు సరిగా ఉన్నాయో లేదో చూడ్డానికి మూలమట్టం పెట్టు. ఆ మూలమట్టాన్నీ నమ్మకు, కర్ణాలు కొలువు. 600 బై 900 చట్రమైతే రెండు కర్ణాలూ 1081.7 మి.మీ. దగ్గర రావాలి. ఒకటి 1080, ఇంకొకటి 1083 వచ్చిందంటే చట్రం పక్కకి ఒరిగినట్టే. మేస్త్రీ పునాదికి ముగ్గు పోసేటప్పుడు దారం పట్టి మూడు, నాలుగు, ఐదు చూస్తాడే, అదే విద్య.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 28 ఏళ్లు ఐటీఐలో ఫిట్టర్ పిల్లలకి ఆకురాయి పట్టడం నేర్పినవాణ్ణి, తీరా నా మొదటి మిషను మాత్రం 18 మి.మీ. ఎండీఎఫ్ చెక్కతో, అంటే చెక్క పొడిని జిగురుతో అదిమి చేసిన పలకతో కట్టాను. కోయడం తేలిక, రెండు రోజుల్లో నిలబడింది, ఎండాకాలమంతా ముచ్చటగా పనిచేసింది. ఆశ్లేష కార్తెలో వారం రోజులు ముసురు పట్టింది. మాది రాజోలు దగ్గర, గోదారి గట్టుకి కూతవేటు దూరం. గోడలకే చెమట పడుతుంది. ఎండీఎఫ్ అంచులు నానిన బిస్కెట్టులా ఉబ్బాయి. పట్టాలు బిగుసుకుని గాంట్రీ ఒక చివర కదిలింది, రెండో చివర కదల్లేదు. మోటార్లు మూలిగాయి. మా ఆవిడ వచ్చి చూసి "పురుడొస్తోందా?" అంది.

ఇప్పుడు నువ్వడిగిన మోటారు. నెమా 23 సైజు స్టెప్పర్, అంటే అడుగు అడుగుగా తిరిగే మోటారు, చాలు, బిగింపు బలం 19 కేజీ-సెం.మీ. దగ్గర ఉన్నది. నెమా 23 అంటే ముఖం వెడల్పు 2.3 అంగుళాలని, అంతే. అది బలానికి కొలత కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకి 200 అడుగులు వేస్తుంది. డ్రైవర్లో 8 మైక్రోస్టెప్పులు పెడితే, అంటే ఒక్కో అడుగుని ఎనిమిది ముక్కలు చేస్తే, 1600. ఒక చుట్టుకి 5 మి.మీ. కదిలించే 1605 బాల్‌స్క్రూ, అంటే గుండ్ల నట్టున్న మర కడ్డీ, వేస్తే, 1600ని 5తో భాగించు: మి.మీ.కి 320 అడుగులు. ఒక్కో అడుగు 0.003 మి.మీ. అని లెక్క తేలుతుంది. అది చూసి నా మిషను మూడు మైక్రాన్లు పట్టేస్తుందని ఊళ్లో చెప్పుకోకు. మనకి అందుబాటు ధరలో దొరికే సీ7 గ్రేడు బాల్‌స్క్రూలోనే 300 మి.మీ.కి 0.05 మి.మీ. తేడా ఉండొచ్చు. మీ నాన్నగారి టేకు చెక్క ఒక్క ముసురుకి అంతకన్నా ఎక్కువ ఉబ్బుతుంది.

డ్రైవర్లకి 12 వోల్టులు కాకుండా 36 వోల్టుల సప్లై ఇవ్వు. స్టెప్పర్‌కి వేగం పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. ఎక్కువ వోల్టులిస్తే ఆ తగ్గుదల కాస్త ఆలస్యంగా వస్తుంది. కరెంటు ఉండగా మోటారు వైర్లు పీకకు, డ్రైవరు పోతుంది. ఈ పాఠానికి నేను రెండు డ్రైవర్ల ఫీజు కట్టాను. కంట్రోలుకి ఆర్డుయినో అనే బుల్లి కంప్యూటరు బోర్డు, అందులో జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాము. 2009లో సిమెన్ స్వాలే స్కోగ్స్‌రుడ్ అనే నార్వే ఆయన రాసి అందరికీ ఉచితంగా వదిలేశాడు. ప్రపంచంలో ఇళ్లలో కట్టిన చిన్న మిషన్లలో చాలావాటి లోపల అదే ఉంటుంది. స్పిండిల్‌కి మొదట్లో మీ నాన్నగారి దగ్గరుండే, చెక్క అంచులు తీసే చేతి ట్రిమ్మర్నే బిగించు. పని మొదలయ్యాక, డబ్బులొచ్చాక, 1.5 కిలోవాట్ల స్పిండిల్ కొనుక్కోవచ్చు.

కోత వేగం గురించి చివర్లో అడిగావు. స్పిండిల్ చుట్లని బిట్టుకున్న అంచులతో, ఆ వచ్చినదాన్ని ఒక్కో అంచు తీసే పొట్టు మందంతో హెచ్చవెయ్యి. 18,000 చుట్లు, రెండు అంచులు, 0.05 మి.మీ. పొట్టు: నిమిషానికి 1800 మి.మీ. కొత్తవాళ్లు భయపడి 300లో నడుపుతారు. అప్పుడు బిట్టు కోయదు, రాస్తుంది, చెక్క మాడిన వాసనొస్తుంది, బిట్టు మొద్దుబారుతుంది. కింద పడేది పొట్టు అయితే సరిగా కోస్తున్నట్టు. పిండి అయితే నెమ్మదిగా నడుపుతున్నట్టు.

ప్రశ్న (నరసాపురం దగ్గర ఒక పల్లె): మాది లేసు అల్లకం. అల్లినదాన్ని తడిపి, చెక్క మీద మేకులకి తగిలించి ఆరబెడితేనే ఆకారం నిలుస్తుంది. మా అబ్బాయి ఇంట్లో బెల్టుల మిషను ఒకటి కట్టి, సెంటీమీటరుకొక చిల్లు చొప్పున పలకలు చేసిచ్చాడు. ముప్పై సెంటీమీటర్లు రావాల్సిన వరస 29.7 వస్తోంది. గుండ్రం గీయిస్తే కోడిగుడ్డులా ఉంటోంది. వాడు సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమ్ అంటున్నాడు. నాకైతే నమ్మకం కుదరడం లేదు.

జవాబు: అమ్మా, మీరు నమ్మకపోవడమే మంచిదైంది. దారం బిగువు తెలిసిన చేతులకి బెల్టు బిగువు గురించి నేను చెప్పేదేముంది. ముందు బెల్టుని వేలితో మీటి చూడండి. వదులుగా చప్పబడ్డట్టుంటే బిగించమనండి. తర్వాత మోటారు ఇరుసు మీద చిన్న పళ్లచక్రం ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే బుల్లి స్క్రూ వదులైతే చక్రం ఇరుసు మీద జారుతుంది. వచ్చే తేడాల్లో చాలావాటికి ఇదే మూలం.

రెండూ బాగుండి కూడా 29.7 వస్తుంటే, మూడు నాలుగు పలకలు చేయించి కొలవండి. ప్రతిసారీ అదే 29.7 వస్తే అది లెక్కలో తేడా. ఒకసారి 29.7, ఇంకోసారి 29.2 వస్తే మోటారు అడుగులు తప్పుతోందని. రెండో రకమైతే వేగం తగ్గించాలి, లేదా ఎక్కడో బిగుసుకుంటోంది. మొదటి రకమైతే అబ్బాయికి ఈ లెక్క ఇవ్వండి. 2 మి.మీ. పళ్ల బెల్టు, 20 పళ్ల చక్రం అయితే ఒక చుట్టుకి 40 మి.మీ. 1600 అడుగులని 40తో భాగిస్తే మి.మీ.కి 40. ఆ 40ని 300తో హెచ్చవేసి 297తో భాగిస్తే 40.404. జీఆర్‌బీఎల్ అయితే డాలర్ 100 అన్న చోట అడ్డానికి, డాలర్ 101 అన్న చోట నిలువుకి ఈ అంకె వేస్తారు. రెండిటినీ విడివిడిగా కొలిచే వేయాలి. ఒకటి కొలిచి రెండిటికీ వేస్తే మళ్లీ కోడిగుడ్డే.

ఆ కోడిగుడ్డు సంగతి చూద్దాం. బిట్టు తీసేసి పెన్ను కట్టి, కాగితం మీద పెద్ద గుండ్రం గీయించండి. గుడ్డు నిలువుగానో అడ్డంగానో సాగి ఉంటే, ఒక దిక్కు లెక్క రెండో దిక్కుతో కలవడం లేదు. ఐమూలగా సాగి ఉంటే రెండు దిక్కులూ ఒకదానికొకటి లంబంగా లేవు. ఆ తప్పు చట్రంది, కంప్యూటరుది కాదు. గుండ్రం బాగానే ఉండి పైనా కిందా పక్కలా నాలుగుచోట్ల నలిగినట్టు చదునుగా ఉంటే, మోటారు దిశ మార్చుకునేటప్పుడు కాస్త ఖాళీ తిరుగుడు ఉందని. దాన్ని బ్యాక్‌లాష్ అంటారు. మీ గుండ్రం కాగితం మీద గీసి, నిలువూ అడ్డం గుర్తులేసి నాకు పంపండి. నూటికి ఎనభై పాళ్లు ఆ కాగితమే చెప్పేస్తుంది.

ప్రశ్న (భీమవరం దగ్గర): మా ఇంటి చుట్టూ రొయ్యల చెరువులే. పగలంతా మిషను బాగా నడుస్తుంది. రాత్రి పొద్దుపోయాక నీళ్లకి గాలి కలిపే ఏరియేటర్లు వేస్తారు, అప్పటినుంచి ఎక్కడపడితే అక్కడ ఆగిపోయి "అలారం 1" అంటుంది. చెరువులవాళ్లతో గొడవపడమంటారా?

జవాబు: వద్దండీ, రొయ్యలకి ఊపిరి కావాలి. అలారం 1 అంటే గాంట్రీ అంచుదాకా వెళ్లి లిమిట్ స్విచ్‌కి తగిలిందని మిషను అనుకుంది. తగల్లేదు. స్టార్టర్లు పడ్డప్పుడు, మోటార్లు ఎత్తుకున్నప్పుడు పుట్టే కుదుపు వైర్లలోంచి వచ్చి ఆ స్విచ్ నొక్కినట్టు భ్రమ కలిగిస్తుంది. ఆర్డుయినో చిప్పు ఆ పిన్నుని చాలా బలహీనంగా పట్టుకుని ఉంటుంది. పొడవాటి వైరు ఏరియల్ అయిపోతుంది.

మా ఇంట్లో ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉండేది. కొబ్బరి పచ్చడి అంటే చాలు, వంటింట్లో మిక్సీ తిరగ్గానే వరండాలో మిషను ఆగిపోయేది. రెండు వారాలు బుర్ర చించుకున్నాను. చివరికి చూస్తే తప్పు నాదే. అందంగా ఉంటుందని స్విచ్ వైర్లనీ స్పిండిల్ వైర్లనీ ఒకే కట్టగా కట్టాను. విడదీయగానే సగం తగ్గింది. మిగతా సగానికి: స్విచ్‌లకి పైన జల్లెడ చుట్టిన షీల్డ్ కేబుల్ వేయండి, ఆ జల్లెడని ఒక్క చివరే ఎర్త్‌కి కలపండి. స్విచ్‌ని మామూలప్పుడు మూసి ఉండే రకంగా కలపండి, వైరు తెగినా తెలిసిపోతుంది. బోర్డు దగ్గర ప్రతి స్విచ్‌కీ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. రూపాయల్లో పని.

అన్నిటికన్నా ముందు ఎర్త్ చూపించండి. మన వైపు నీళ్లు పైనే ఉంటాయి గనక బొగ్గూ ఉప్పూ వేసిన గొయ్యి చక్కగా పనిచేస్తుంది. కానీ పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్టు ఉంటుంది, మూడో పిన్నుకి వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపేస్తానంటే మాత్రం టీ ఇచ్చి పంపేయండి.

కరెంటు పోతే పని మొత్తం మళ్లీ మొదలెట్టాలా అని కూడా అడిగారు. అక్కర్లేదు. లిమిట్ స్విచ్‌లు ఉన్నాయి గనక కరెంటు రాగానే హోమింగ్ చేయించండి, అంటే గాంట్రీని స్విచ్‌లకి తాకించి తన చోటు తెలుసుకోనివ్వండి. చెక్క మీద మీరు పెట్టిన సున్నా బోర్డు జ్ఞాపకంలో ఉంటుంది. చెక్కని కదిలించకపోతే చాలు. ఆగిన లైనుకి కాస్త ముందు నుంచి మళ్లీ నడిపించండి.

ప్రశ్న (అంబాజీపేట): పట్టాలకి, స్క్రూలకి కొబ్బరి నూనె రాయొచ్చా? ఇంట్లో కావలసినంత ఉంది.

జవాబు: తలకి రాసుకోండి. కొబ్బరి నూనె 24, 25 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. పుష్యమాసం పొద్దున్న మీ మిషను జలుబు చేసినట్టు కదుల్తుంది. పైగా నిలవుండి జిగురై పొట్టుని పట్టేస్తుంది. స్లైడ్‌వే ఆయిల్ 68 నంబరుది లీటరు తెచ్చుకుంటే ఏళ్లు వస్తుంది. మనది ఉప్పు గాలి, వాడకపోయినా వారానికోసారి పల్చగా గుడ్డతో రాయండి. నేను సంక్రాంతికి కూతురింటికి వెళ్లి పది రోజులు ఆగితే స్క్రూ మీద తుప్పు చుక్కలు పడ్డాయి.

ప్రశ్న (తణుకు): ఇంట్లో కట్టిన మిషను ఇనుము కోస్తుందా?

జవాబు: కోయదు. గీస్తుంది, బిట్టు విరుగుతుంది. అల్యూమినియం కోయొచ్చు, చట్రం గట్టిదైతే. ఒకే అంచున్న బిట్టు వేసి, ఒక్కో విడతకి 0.2, 0.3 మి.మీ. చొప్పున దిగాలి. ఓపిక మీది.

ప్రశ్న (రావులపాలెం): మా ఆయన పడకగది పక్క గదిలో మిషను పెట్టారు. ఎండీఎఫ్ కోసిన రోజు ఇల్లంతా సన్నని దుమ్ము, కళ్లు మంటలు. మూడేళ్ల పాప ఉంది. అంటే "చెక్క పొడే కదా" అంటారు. మీరు చెబితే వింటారని రాస్తున్నాను.

జవాబు: అమ్మా, ఇది ఆయన చదవాలి. అయ్యా, చెక్క పొడే కదా అనకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో పెట్టింది. ఎండీఎఫ్‌లో చెక్క పొడితోపాటు దాన్ని అంటించిన ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా ఉంటుంది. కళ్లు మండేది దానివల్ల కూడా. సన్నని ధూళి గంటల తరబడి గాల్లోనే ఉంటుంది. మీరు మిషను ఆపి భోజనానికి కూర్చున్నప్పుడు పాప పీల్చేది అదే.

మిషను ఇంట్లోంచి బయటికి తీయండి. పెరట్లో రేకుల షెడ్డు చాలు. బిట్టు చుట్టూ కుచ్చులాంటి బ్రష్షు కట్టి వాక్యూమ్ గొట్టం పెట్టండి. మధ్యలో మూతున్న పెయింటు బకెట్టు మీద సుడిగాలి గరాటు, సైక్లోన్ అంటారు, బిగిస్తే పొట్టంతా బకెట్టులో పడి వాక్యూమ్ త్వరగా నిండదు. మూతికి ఎన్95 మాస్కు. తుడిచేటప్పుడు తడిగుడ్డ. ఫ్యాను వేసి ఊదేయడం మానండి, అది దుమ్ముని వీధిలోకి కాదు, వంటింట్లోకి పంపుతుంది. షెడ్డు వేసేదాకా మిషను ఆపేయండి. ఇందులో బేరాల్లేవు.

ప్రశ్న (కాకినాడ, పదో తరగతి): ఈ మిషను మొదట ఎవరు కనిపెట్టారు?

జవాబు: మంచి ప్రశ్న వేశావు, నాన్నా. అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కలు చేసేవాడు. రెక్క వంపు సరిగ్గా రావాలంటే చాలా బిందువులు లెక్కగట్టి ఒక్కోచోటికీ పనిముట్టుని నడపాలి. మనిషి చేత్తో తిప్పేబదులు ఆ అంకెలనే మిషనుకి ఇస్తే ఏమని ఆయనకి తోచింది. తర్వాత ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంవాళ్లు 1952లో అలాంటి మిల్లింగ్ మిషను నడిపి చూపించారు. అప్పుడు అంకెలు చిల్లులు పెట్టిన కాగితపు పట్టీ మీద ఉండేవి. నువ్వెప్పుడైనా చేనేత ఊరికి వెళ్తే జకార్డు మగ్గం పైన చిల్లుల అట్టలు దండలా కట్టి వేలాడుతుంటాయి చూడు. ఏ పోగు లేవాలో ఆ చిల్లులే చెబుతాయి. అది 1800ల మొదట్లో ఫ్రాన్సులో వచ్చింది. చీర మీద పువ్వుకీ, హెలికాప్టర్ రెక్కకీ చుట్టరికం అక్కడుంది.

ప్రశ్న (అమలాపురం దగ్గర): నాకు 58 ఏళ్లు. నలభై ఏళ్లుగా ఉలి పట్టుకుని బతుకుతున్నాను. మా టౌన్‌లో రెండు సీఎన్‌సీ షాపులు పెట్టారు. నేను నాలుగు రోజులు చెక్కే పని వాళ్లు ఒక పూటలో తీసేస్తున్నారు. ఇప్పుడు మీరు ఇంటింటికీ ఈ మిషను కట్టిస్తున్నారు. మేమేం తినాలి? కోపంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

జవాబు: అనుకోను. మీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. మీకు తీపి మాటలు చెప్పను. ఒకే పువ్వుని పాతిక పలకల మీద చదునుగా చెక్కే పని పోయింది, తిరిగి రాదు. ఆ పనికి మిషనుతో ధరలో పోటీ పడొద్దు.

అయితే మిషనుకి చేతకానివి మీకు తెలిసినంతగా ఆ షాపులవాళ్లకి తెలీదు. బిట్టు గుండ్రం. గుండ్రటి బిట్టు లోపలి మూలని ఎప్పటికీ పదునుగా తీయలేదు. 6 మి.మీ. బిట్టయితే ప్రతి లోపలి మూలలోనూ 3 మి.మీ. గుండ్రం మిగిలిపోతుంది. సన్నది వేస్తే తగ్గుతుంది గానీ పోదు. ఇంకోటి, ఈ మిషను పైనుంచి కిందికే చూస్తుంది. హంస మెడ పలక నుంచి విడివడి నిలబడాలంటే దాని వెనకకి ఉలి వెళ్లాలి, ఆ బిట్టు వెళ్లలేదు. ఇక నార. మీరు పలక చేతిలోకి తీసుకోగానే బొటనవేలితో నిమిరి నార ఎటుందో చూసి, ఎదురు నార వచ్చిన చోట ఉలి తిప్పుతారు. మిషనుకి నార లేదు, అంకెలే ఉన్నాయి. ఎదురు నారలో కూడా అదే వేగంతో పోయి పెచ్చులు లేపుతుంది. ఆ షాపుల్లో వస్తున్న పలకల్ని ఒకసారి వెలుతురుకి అడ్డంగా పట్టి చూడండి, ఎన్ని పెచ్చులు జిగురూ పొట్టూ పూసి కప్పేశారో మీకే తెలుస్తుంది.

మండపేట అబ్బాయి ఉత్తరం పైన ఉంది. అలాంటి కుర్రాళ్లకి మిషను వస్తుంది, చెక్క రాదు. మీ షెడ్డులో అలాంటి మిషను ఒకటి ఉండి, ముతక కోత అది కోసి, చివరి చెయ్యి మీదయితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. కూలికి కాదు, వాటాకి.

కిందటేడు మా తులసికోట గూటికి చిన్న టేకు తలుపులు నా మిషను మీదే కోశాను. ఎనిమిది లోపలి మూలలు, ఎనిమిదీ గుండ్రంగానే మిగిలాయి. మా ఊరి వడ్రంగిని పిలిచాను. ఆయన మిషను వైపు చూడనైనా చూడలేదు. అరుగు మీద కూర్చుని ఉలి నూరుకుని ముప్పావు గంటలో ఎనిమిది మూలలూ తీసి, మూలకి యాభై అన్నాడు. నేను బేరమాడలేదు.